స్టూడియో వెబ్‌సైట్ పైకి రావాలంటే అబ్బాయిని అమీర్‌పేట పంపాలా?

ప్రశ్న: మాది తెనాలి. ఇరవై ఆరేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. సెల్‌ఫోన్లు వచ్చాక చిన్న పనులు తగ్గిపోయాయి, ఇప్పుడు పెళ్లిళ్లే ఆధారం. రెండేళ్ల కిందట వెబ్‌సైట్ చేయించాం. దాన్ని చూసి ఫోన్ చేసినవాళ్లు ఒక్కరూ లేరు. నెలకు పదిహేను వేలిస్తే గూగుల్‌లో మొదటి స్థానానికి గ్యారంటీగా తెస్తామని ఒక ఏజెన్సీ వాళ్లు వెంటపడుతున్నారు. బీకాం పూర్తయిన మా అబ్బాయేమో అమీర్‌పేటలో నాలుగు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసి తానే చూసుకుంటానంటున్నాడు. ఫీజు డెబ్బై వేలు, వంద శాతం ప్లేస్‌మెంట్ అట. నేను ఎంబీఏ గానీ, బ్యాంక్ కోచింగ్ గానీ అంటున్నాను. వీటిలో ఏది మంచిది? (ఒక తండ్రి, తెనాలి)

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరిది ప్రింటింగ్ ప్రెస్, ఇంకొకరిది బొటిక్. అడిగేది కోర్సు గురించే అయినా లోపలున్న టెన్షన్ వేరు. నా తర్వాత ఈ షాపు నిలబడుతుందా, నిలబడకపోతే వీడి గతేమిటి? ముందు దానికే జవాబు చెబుతాను. పెళ్లిళ్లు ఆగవు, పెళ్లికి ఫొటోగ్రాఫర్ అవసరమూ ఆగదు. మారిందల్లా మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చే దారి. ఒకప్పుడు పెళ్లికూతురి మేనమామ షాపుకొచ్చి పాత ఆల్బమ్‌లు తిరగేసి అడ్వాన్స్ ఇచ్చి వెళ్లేవాడు. ఇప్పుడు పెళ్లికూతురు డాలస్‌లో ఉంటుంది. పెళ్లి తెనాలిలో. ఫొటోగ్రాఫర్‌ని ఎంచుకునేది ఆ అమ్మాయే, అదీ ఫోన్‌లో. కాబట్టి మీవాడు పట్టుకున్న విషయం సరైనదే. ఆ మాట వాడితో ఒకసారి అనండి, ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

ఏజెన్సీ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లో స్వయంగా చెబుతోంది. గ్యారంటీ అన్నవాళ్లు సాధారణంగా ఎవరూ వెతకని మాటలకో, మీ షాపు పేరుకో మొదటి స్థానం చూపించి బిల్లు వేస్తారు. లేదంటే, వేరే సైట్లు మీ సైటుకు లింకు ఇస్తే గూగుల్ దాన్ని మంచి పేరుగా లెక్కిస్తుంది కాబట్టి, వందల పనికిరాని సైట్ల నుంచి లింకులు కొని పెడతారు. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే ఉన్న స్థానం కూడా పోతుంది. వద్దని చెప్పేయండి.

ఇక కోర్సు. దీని మీద నాకున్న అనుమానాలు దాచుకోను. ఐదారేళ్లుగా డిగ్రీ అయి ఖాళీగా ఉన్న ప్రతి పిల్లవాడికీ ఎవరో ఒకరు ఈ కోర్సు పేరే చెబుతున్నారు. కరపత్రంలో నలభై మాడ్యూళ్లు ఉంటాయి. నాలుగు నెలల్లో నలభై అంటే ఒక్కొక్కటీ మూడు రోజులు. ఎస్‌ఈఓకి, అంటే సెర్చ్‌లో సైటును పైకి తెచ్చే పనికి, ఒక వారం దక్కితే గొప్ప. టూల్స్ పేర్లు నోటికి వస్తాయి, కానీ ఒక్క నిజమైన సైటును చేతిలోకి తీసుకుని ఆరు నెలలు సాకిన అనుభవం ఉండదు. వంద శాతం ప్లేస్‌మెంట్ అన్నదాన్ని కూడా విడదీసి అడగాలి. ఏ ఉద్యోగం, ఎంత జీతం, నిరుడు చేరినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? నా దగ్గరికి తిరిగొచ్చిన పిల్లల్లో కొందరికి దొరికింది అదే ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తవాళ్లకు ఫోన్లు చేసి చేర్పించే ఉద్యోగం. దాన్నీ ప్లేస్‌మెంట్ లెక్కలోనే రాశారు.

మరో సంగతి. ఈ రంగంలో కొత్తవాళ్లకు మొదట ఇచ్చే పని వ్యాసాలు రాయడం, లింకులు పోగేయడం. మొదటిది ఇప్పుడు ఏఐ నిమిషాల్లో చేసేస్తోంది. అలా గంపగుత్తగా తయారుచేసిన పేజీలను ర్యాంకింగ్‌లోంచి తీసేస్తామని గూగుల్ 2024 మార్చిలో నిబంధన పెట్టింది. అదే ఏడాది ఆగస్టు నుంచి మన దేశంలోనూ సెర్చ్ ఫలితాల పైన ఏఐ ఇచ్చే జవాబులు కనిపిస్తున్నాయి. పెళ్లిలో తలంబ్రాలు ఎందుకు పోస్తారని వెతికినవాడు ఆ జవాబు చదివి వెళ్లిపోతాడు, ఏ సైటూ తెరవడు. అలాంటి వ్యాసాలు రాయించి సైటుకు జనాన్ని తెస్తామనే వ్యాపారం బక్కచిక్కుతోంది. కానీ తన పెళ్లికి ఫొటోగ్రాఫర్ కావాల్సినవాడు ఏఐ రాసిచ్చిన నాలుగు వాక్యాలతో సరిపెట్టుకోడు. ఫొటోలు చూడాలి, రేటు అడగాలి, డేట్ ఖాళీ ఉందో లేదో తెలుసుకోవాలి. అందుకే ఈ రంగంలో ఉద్యోగం వెతుక్కునే పిల్లల గురించి నాకున్న బెంగ మీ స్టూడియో గురించి లేదు.

అయినా చేరతానంటే, డబ్బు కట్టేముందు మీవాడిని ఒక పని చేయమనండి. ట్రైనర్‌ను తాను పనిచేసిన ఏదైనా సైటు సెర్చ్ కన్సోల్ తెరిచి చూపించమని అడగాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే ఈ సాధనంలో ఏ మాటలు వెతికితే సైటు కనిపించింది, ఎన్ని క్లిక్‌లు వచ్చాయి అన్నది పదహారు నెలల వరకు ఉంటుంది. చూపించడానికి ఏదీ లేదంటే ఆయన ఎవరి సైటునూ పైకి తేలేదని అర్థం. మెటా కీవర్డ్స్, అంటే చూసేవాళ్లకు కనిపించకుండా పేజీ కోడ్‌లో రాసే మాటల జాబితా, నింపితే ర్యాంకు వస్తుందని ఇప్పటికీ చెబుతుంటే లేచి వచ్చేయాలి. వాటిని ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

మీరు ఉత్తరంలో రాసిన అడ్రస్ పట్టుకుని మీ వెబ్‌సైట్ నా ఫోన్‌లో తెరిచాను. తెల్ల తెర. చాలాసేపటికి ఒక జంట తలలు వచ్చాయి, మెడ దాకా వచ్చి ఆగిపోయాయి. కంప్యూటర్‌లో చూస్తే ఆ ఒక్క ఫొటోనే పద్దెనిమిది ఎంబీ. కెమెరాలోంచి తీసింది తీసినట్టు ఎక్కించారు. ఇది ఎవరి పట్టుదలో నేను ఊహించగలను. క్వాలిటీ తగ్గకూడదని మీరే అని ఉంటారు. కరిజ్మా ఆల్బమ్ ప్రింటుకు ఆ సైజు కావాలి, నిజమే. అరచేతిలోని తెరకు ఎందుకండీ? వెడల్పు రెండు వేల పిక్సెళ్లకు కుదించి మూడు, నాలుగు వందల కేబీల్లో సేవ్ చేస్తే ఫోన్‌లో చూసేవాళ్లకు తేడా తెలియదు. పేజీలోని ముఖ్యమైన ఫొటో రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. పైగా గూగుల్ ఇప్పుడు సైటును చూసేదే మొబైల్ రూపంలో.

తర్వాత గ్యాలరీ. ఒకే పేజీలో వందల ఫొటోలు. అన్నిటి పేర్లూ కెమెరా ఇచ్చిన అంకెలే, కింద ఒక్క మాట లేదు. ఫొటోలో ఏముందో గూగుల్ కొంతవరకు పోల్చుకోగలదు. అది తెనాలిలో జరిగిన ఓణీల ఫంక్షన్ అని మాత్రం మీరే చెప్పాలి. ఫైలు పేరు, ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోలో ఏముందో చెబుతూ కోడ్‌లో రాసే మాట), ఫొటో పక్కన రాసే నాలుగు వాక్యాలు, ఈ మూడూ అందుకే ఉన్నాయి. పెళ్లిళ్లకు ఒక పేజీ, ఓణీల ఫంక్షన్‌కు ఒకటి, సీమంతం, బారసాల, షష్టిపూర్తి వేటికవే. జనం తెలుగులో మాట్లాడినా వెతికేటప్పుడు ఎక్కువగా ఇంగ్లీషులోనే టైప్ చేస్తారు కాబట్టి పేజీ టైటిల్ ఇంగ్లీషులో, లోపల తెలుగూ కలిపి పెట్టుకోవచ్చు.

రాయాల్సిన అసలు సరుకు మీ దగ్గరే ఉంది. తెల్లవారుజామున మూడింటి ముహూర్తం, జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో అడ్డంగా నిలబడే చుట్టాలు, వీడియోవాళ్ల లైటు ఆర్పేస్తే మిగిలేది మండపం మీది బల్బుల పసుపు వెలుగు. అప్పుడు మీరు ఎక్కడ నిలబడతారు, ఏ లెన్స్ పెడతారు? ఒక్కో పెళ్లికి ఇలా రెండు పేరాలు, పాతిక మంచి ఫొటోలు చాలు. ఇది ఏ ఏజెన్సీవాడూ రాయలేడు. పెళ్లివాళ్ల అనుమతి మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి, వాట్సాప్‌లో సరే అన్నా నయమే.

గూగుల్ మ్యాప్‌లో మీ షాపు ఉంది గానీ ఫోన్ నంబర్ పాతది, ఫొటోలు మూడు. దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. మ్యాప్ ఫలితాలను గూగుల్ మూడు విషయాలు చూసి ఇస్తుంది: వెతికినదానికి మీ పని సరిపోతుందా, మీరు ఎంత దూరం, మీకు ఎంత పేరుంది. దూరం మీ చేతిలో లేదు. విజయవాడలో కూర్చుని వెతికేవాళ్లకు మ్యాప్‌లో తెనాలి షాపు కనిపించడం కష్టం. అక్కడ మీరు చేసిన పెళ్లిళ్ల గురించి సైటులో పేజీలు ఉంటే మ్యాప్ కింద వచ్చే మామూలు ఫలితాల్లోనైనా దొరుకుతారు. కనిపించాలని షాపు పేరు పక్కన బెస్ట్ వెడ్డింగ్ ఫొటోగ్రాఫర్ అంటూ తోక తగిలించకండి. బోర్డు మీద ఉన్న పేరే ఉండాలన్నది నిబంధన, మీరితే ప్రొఫైల్ ఆపేస్తారు. పేరు సంపాదించేది రివ్యూలతో. ఆల్బమ్ ఇచ్చిన రోజు పెళ్లికూతురి అమ్మగారు పేజీలు తిప్పుతుంటారు చూడండి, అదే అడగాల్సిన సమయం. అక్కడే వాట్సాప్‌లో రివ్యూ లింక్ పంపండి. రివ్యూ రాస్తే ఫ్రేమ్ ఫ్రీ అనొద్దు, ప్రతిఫలం ఇచ్చి రాయించుకోవడం నిషిద్ధం. ఫంక్షన్ హాలువాళ్లు, మేకప్ ఆర్టిస్టులు మీ ఫొటోలను తమ సైట్లలో వాడుకుంటుంటే కింద మీ పేరు, లింకు పెట్టమనండి. అది న్యాయంగా వచ్చే లింకు.

ఫలితం రావడానికి నాలుగు నెలల నుంచి ఏడాది పట్టవచ్చని గూగుల్ వాళ్లే చెబుతారు. అంటే పెళ్లిళ్లు లేని ఆషాఢంలో కూర్చుని చేసిన పని శ్రావణానికి అందదు, మాఘమాసం సీజన్‌కు అక్కరకొస్తుంది. పది రోజులకోసారి ఇంకా రాలేదేంరా అని వాడిని నిలదీయకండి.

ఎంబీఏ, బ్యాంక్ గురించి అడిగారు. బ్యాంక్ పరీక్షలు వాడికే రాయాలని ఉంటే రాయనివ్వండి. మీ కోసం రాసే పరీక్షలు ఏళ్లు తినేస్తాయి. పేరున్న కాలేజీలో సీటు వస్తే తప్ప ఎంబీఏకు ఇప్పుడు తొందర లేదు, రెండేళ్లు పనిచేశాక చేస్తేనే ఉపయోగం.

నా మాట ఇది. ఆ డెబ్బై వేలు ఇన్‌స్టిట్యూట్‌కు కట్టకండి. ఏడాదిపాటు స్టూడియో వెబ్‌సైట్‌ను అబ్బాయికి అప్పగించండి. గూగుల్ ఉచితంగా పెట్టిన ఎస్‌ఈఓ స్టార్టర్ గైడ్ చదివి, సెర్చ్ కన్సోల్ పెట్టుకుని మొదలుపెట్టనివ్వండి. అక్కడ వాడు నేర్చుకున్నది రేపు ఉద్యోగం అడిగేటప్పుడు సర్టిఫికెట్ కంటే బాగా మాట్లాడుతుంది. ఫలానా మాటకు మా సైటు ఎక్కడో ఉండేది, ఇప్పుడు ఇక్కడుంది, నేను చేసింది ఇదీ అని గ్రాఫ్ చూపించగలిగిన ఫ్రెషర్లు తక్కువ.

ఒక మాట కటువుగానే అంటాను. వీడియో మిక్సింగ్ చేసే కుర్రాడికి జీతం ఇస్తారు, ఆల్బమ్ డిజైనర్‌కు పేజీ లెక్కన ఇస్తారు. కన్నకొడుకు పనిచేస్తే మాత్రం ఖాళీగా ఉన్నాడని చుట్టాలకు చెబుతారు. నెలకు ఇంత అని వాడి ఖాతాలో వేయండి. పెళ్లి సీజన్‌లో ట్రైపాడ్ మోయడానికి పిలిచి, వెబ్‌సైట్ పని రాత్రి చూసుకోమంటే ఏదీ కాదు. డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నప్పుడు మిమ్మల్ని ఎవరూ డిగ్రీ ఉందా అని అడగలేదు కదా.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. డొమైన్, అంటే మీ వెబ్‌సైట్ అడ్రస్, ఎవరి పేరు మీద ఉందో చూడండి. చాలా షాపులకు సైటు చేసిచ్చినవాడి పేరు మీదే ఉంటుంది, రెన్యువల్ దగ్గర బేరం మొదలవుతుంది. దాన్ని, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే చోటు) పాస్‌వర్డ్‌ను, మ్యాప్ ప్రొఫైల్ యాజమాన్యాన్ని మీ మెయిల్‌కు మార్పించుకుని, తర్వాత అబ్బాయికి ఇవ్వండి. కోర్సుకు ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసి ఉంటే రసీదు వెనక రిఫండ్ షరతులు చదివి, అడగాల్సిందేదో రాతపూర్వకంగా అడగండి.