ఛాతీ బరువుకి చెన్నై దాకా ఎందుకు? ముందు కావలిలో ఈసీజీ తీయించండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లెటూరు. మా నాయనకు 61 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి, బీడీలు కాలుస్తాడు. రెండు వారాల క్రితం రాత్రి అన్నం తిన్నాక ఛాతీ మీద బరువు పెట్టినట్టుందన్నాడు, ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్ అని ఇంజక్షన్ వేశాడు, గంటకు తగ్గింది. అప్పటి నుంచి నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం, ఎడమ భుజం లాగుతుంది, కూర్చుంటే సర్దుకుంటుంది. చెన్నైలో ఉండే మా బావ అక్కడికే రమ్మంటున్నాడు. ఆర్‌ఎంపీ నెల్లూరులో తనకు తెలిసిన ఆసుపత్రి ఉందంటున్నాడు. అమ్మ వేలూరు అంటోంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంది. నాయనేమో పొగాకు వేలం అయిపోయాక చూద్దాంలే అంటున్నాడు. ఎక్కడికి తీసుకెళ్లాలి?

సమాధానం: మీరు ‘ఎక్కడికి’ అని అడిగారు గానీ నా కళ్లు మాత్రం ‘రెండు వారాల క్రితం’ అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. షుగర్, బీపీ, బీడీలు, అరవై దాటిన వయసు, చెమటలతో ఛాతీ బరువు, ఆ తర్వాత నడిస్తే వచ్చి కూర్చుంటే పోయే భుజం లాగుడు. ఇన్ని కలిసి ఉన్నప్పుడు గుండె కాదని తేలేదాకా గుండె అనే అనుకోవాలి. ఆ రాత్రి వచ్చింది చిన్న హార్ట్ ఎటాకే అయ్యుండొచ్చు, లేదా రాబోయేదానికి ముందు కబురు కావచ్చు. ఇంజక్షన్ వేశాక తగ్గింది కాబట్టి గ్యాసే అనుకోవడం పొరపాటు, ఎందుకంటే గుండె నొప్పి కూడా ఒక్కోసారి గంటలో దానంతటదే తగ్గుతుంది, పేరు ఇంజక్షన్‌కి వస్తుంది.

కాబట్టి వేలం దాకా ఆగొద్దు. రేపు పొద్దున్నే కావలి ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. కావలే ఎందుకంటే మీకు దగ్గర, అక్కడ ఈసీజీ తీస్తారు, చూసి చెప్పే డాక్టర్ ఉంటాడు. ఈ లోపల ఈ రాత్రే మళ్లీ నొప్పి వస్తే, ముఖ్యంగా కదలకుండా కూర్చున్నప్పుడు వస్తే, తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసేయండి.

మీ ఆర్‌ఎంపీ మీద నాకేం కోపం లేదు, ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశాను. డాక్టరునైన కొత్తలో ఒక చిన్న ఆసుపత్రిలో నైట్ డ్యూటీ. రాత్రి పదకొండింటికి ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. నొప్పి ఎక్కడయ్యా అంటే వేలు పెట్టి చూపించలేదు, పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో ఆనించి, ‘రాయి పెట్టినట్టుంది సారూ’ అన్నాడు. దాబాలో చేపల పులుసు, కోడిగుడ్లు గట్టిగా లాగించానని తనే చెప్పాడు. ఈసీజీ మిషన్‌లో పేపర్ రోల్ అయిపోయింది, కొత్తది బీరువాలో ఉంది, తాళం ఫార్మసిస్ట్ ఇంట్లో ఉంది. మనిషిని పంపి తాళం తెప్పించాల్సింది పోయి, ఎసిడిటీకి ఇంజక్షన్ వేసి పొద్దున రమ్మన్నాను. పొద్దున ఇద్దరు మనుషులు చెరో చేయి పట్టుకుని తీసుకొచ్చారు. బతికాడు గానీ గుండె పంపింగ్ సగానికి సగం పడిపోయింది, లారీ ఎక్కడం మానేసి చిన్న బడ్డీ కొట్టు పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఎవరైనా పిడికిలి బిగించి రొమ్ము మీద పెట్టి చూపిస్తే ఏం తిన్నావని అడగను, ముందు ఈసీజీ తీస్తాను.

ఇంకో సంగతి. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి అంతగా తెలియకపోవచ్చు, ఒట్టి ఆయాసం, చెమటలు, నీరసం, వాంతి వచ్చేట్టు ఉండటం, అంతే. అలాగే ఒక్కసారి ఈసీజీ నార్మల్ వస్తే ఇంటికొచ్చేయకండి. మళ్లీ కాసేపటికి ఇంకోటి తీయమనండి, ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష, గుండె స్కానింగ్ (ఎకో అంటారు) కూడా చేయించాలి. ఈసీజీ కాగితం వేడికి పనిచేసే రకం, కొన్ని నెలలకు గీతలు వెలిసిపోతాయి, భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లగా అయిపోతుంది. లామినేషన్ చేయించి బొగ్గులా మారిన ఈసీజీని ఎంతో జాగ్రత్తగా సంచిలోంచి తీసి ఇచ్చినవాళ్లను చాలామందిని చూశాను. తీసిన వెంటనే ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఆ రోజు తేదీ, టైమ్ కనపడేట్టు.

ఇక మీ ఇంట్లో వాదన సంగతి. మీ బావ చెప్పేదీ మీ అమ్మ చెప్పేదీ తప్పు కాదు, ఆ ఊళ్లకు వెళ్లాల్సిన జబ్బులు వేరే ఉన్నాయి. వేలూరు సీఎంసీ అంటే 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి, ఎన్నాళ్లు తిరిగినా తేలని జబ్బుకి, నిదానంగా ఆలోచించి చేయించుకోవాల్సిన పెద్ద ఆపరేషన్‌కి అక్కడికి వెళ్లొచ్చు. కానీ గుండెకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డం పడితే నిమిషం నిమిషానికీ కండ చచ్చిపోతూ ఉంటుంది. నెల్లూరు నుంచి చెన్నైకే 175 కిలోమీటర్ల దాకా ఉంది, మీ ఊరి నుంచి నెల్లూరు రావడం దానికి అదనం. కారు మాట్లాడుకుని, డబ్బు సర్దుకుని, బావకు ఫోన్ చేసి బయల్దేరేలోపే ఒక గంట పోతుంది. దారిలో కావలి, నెల్లూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట అన్నీ దాటుకుంటూ, ఒక్కో చోటా ఆసుపత్రి బోర్డు చూస్తూ పోవడం కంటే అన్యాయం ఇంకేముంటుంది చెప్పండి.

అలాంటి రాత్రి జరగాల్సినవి రెండే. స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబ్ రెండు గంటల్లోపు అందేట్టుంటే నేరుగా అక్కడికి. అందకపోతే దగ్గరి ఆసుపత్రిలో గడ్డను కరిగించే ఇంజక్షన్, టెనెక్టెప్లేస్ అంటారు. నొప్పి మొదలైన పన్నెండు గంటల లోపు ఇవ్వొచ్చు గానీ మొదటి రెండు మూడు గంటల్లో పడితేనే అసలు లాభం. బయట కొనాలంటే వేలకు వేలు, మన రాష్ట్రంలో ఏరియా ఆసుపత్రుల స్థాయిలో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది, ఇక్కడ తీసిన ఈసీజీని ఫోన్‌లో పెద్దాసుపత్రి గుండె డాక్టర్‌కి పంపి, ఆయన సరేనంటే ఇక్కడే ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఒక రోజు లోపు యాంజియోగ్రామ్‌కి (గుండె నాళాల్లో అడ్డు ఎక్కడుందో మందు ఎక్కించి చూసే పరీక్ష) నెల్లూరో తిరుపతో పంపుతారు. రేపు కావలి వెళ్తారు కదా, ఆ ఇంజక్షన్ స్టాక్ ఉందా, రాత్రిపూట కూడా ఇస్తారా అని అక్కడే అడిగేయండి. నొప్పి వచ్చాక అడిగే తీరిక ఉండదు.

రేపటి పరీక్షల్లో తేడా కనపడితే యాంజియోగ్రామ్ అంటారు, అప్పుడు నెల్లూరు చాలు, చెన్నై అక్కర్లేదు. నెల్లూరులో ప్రైవేటు ఆసుపత్రులు వరసగా ఉండే పొగతోటలో దిగగానే ఏ బోర్డు పెద్దగా ఉంటే అందులోకి వెళ్లిపోకండి. ముందు ఫోన్ చేసి అడగండి: మీ దగ్గర క్యాథ్ ల్యాబ్ ఉందా, అర్ధరాత్రి రెండింటికి పేషెంట్ వస్తే గుండె డాక్టర్ వస్తాడా లేక ఫోన్‌లో చెప్తాడా, ఎన్టీఆర్ వైద్య సేవ గుండె జబ్బులకు ఉందా. ఈ చివరిది చాలామందికి తెలియదు. ఒక ఆసుపత్రికి కార్డు ఉందంటే అన్ని జబ్బులకూ ఉన్నట్టు కాదు, ఎముకలకు ఉండి గుండెకు లేకపోవచ్చు, విభాగం విభాగానికీ విడిగా ఒప్పుకోవాలి. 104కి ఫోన్ చేసినా చెప్తారు, లోపలికెళ్లాక కార్డు సంగతులు చూసే ఆరోగ్యమిత్ర డెస్క్‌లో అడిగినా చెప్తారు. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టొచ్చు కాబట్టి ‘ముందు డబ్బు కట్టండి, తర్వాత కార్డు చూద్దాం’ అంటే మిత్ర దగ్గరికే వెళ్లండి. చెన్నైలో ఏ ఆసుపత్రికి పడితే ఆ ఆసుపత్రికి వెళ్తే కార్డు చెల్లదు, మీ బావతో ఈ మాట చెప్పండి.

ఆర్‌ఎంపీ చెప్పిన ఆసుపత్రి మంచిదే కావచ్చు. కానీ పేషెంట్‌ని పంపినందుకు కొన్ని చోట్ల కమీషన్ ముడుతుందని మన దగ్గర తెలియనివాళ్లు లేరు, ప్రైవేటు అంబులెన్స్ కూడా అంతే. అతనితో గొడవ పెట్టుకోనక్కర్లేదు, ఊళ్లో రేపు మళ్లీ అతనే కావాలి. పైన చెప్పిన ప్రశ్నలే ఆ ఆసుపత్రినీ అడగండి, జవాబులు బాగుంటే అక్కడికే వెళ్లండి. స్టెంట్ రేటు గురించి భయపెడితే ఒకటి గుర్తుంచుకోండి, 2017 ఫిబ్రవరి నుంచి స్టెంట్ ధరకు కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది. అప్పట్లో మందు పూత ఉన్నదానికి 29,600 రూపాయలు, తర్వాత ఏటా కొంచెం కొంచెం మారుతూ వచ్చింది. బిల్లులో స్టెంట్ పేరు, దాని ధర విడిగా రాయమని అడిగే హక్కు మీకుంది.

వెళ్లేటప్పుడు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్త పరీక్ష) రిపోర్ట్ ఉంటే పట్టుకెళ్లండి, లేకపోతే రేపు కావలిలోనే చేయించండి. యాంజియోగ్రామ్‌లో వేసే మందు కిడ్నీ మీద భారం వేస్తుంది, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీ ముందే నలిగి ఉంటుంది. ఉదయగిరి నుంచి కనిగిరి దాకా మన మెట్ట ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లకు కీళ్లు పట్టేసి, రోజుకో నొప్పి మాత్ర మింగేవాళ్లు ఎంతమందో. మీ నాయన కూడా ఆ బాపతే అయితే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, ఆ మాత్రలు కిడ్నీకీ గుండెకీ రెండింటికీ మంచివి కావు. షుగర్ మాత్రల పేర్లు చెప్పడం కష్టం కాబట్టి అట్టలే సంచిలో వేసుకెళ్లండి.

అన్నిటికీ కావలీ నెల్లూరూ అని కూడా కాదు. పాము కరిస్తే పసరు కోసం తిరగకుండా దగ్గరున్న ప్రభుత్వ ఆసుపత్రికే పోవాలి, విరుగుడు మందు ఉండేది అక్కడే, కట్టు గట్టిగా బిగించొద్దు. కుక్క కరిస్తే సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి పీహెచ్‌సీకి. మూతి వంకరపోయి చేయి పడిపోతే మాత్రం ఊళ్లో సెలైన్ ఎక్కిస్తూ కూర్చోకుండా సీటీ స్కాన్ ఉన్నచోటికి నేరుగా వెళ్లాలి, నాలుగున్నర గంటల్లోపు. రెండు రోజుల జ్వరానికి పొగతోట ఎక్కువ, గుండె నొప్పికి పీహెచ్‌సీ తక్కువ. 108 వాళ్లకు జబ్బు ఏంటో సరిగ్గా చెప్తే ఏ ఆసుపత్రో వాళ్లే చూస్తారు. ‘కడుపు నొప్పి’ అని చెప్పకుండా ‘ఛాతీ బరువు, చెమటలు, షుగర్ ఉంది’ అనండి.

ఆస్పిరిన్ సంగతి రేపు డాక్టర్‌ని అడిగి ఇంట్లో పెట్టుకోండి. రక్తపు వాంతులు, కడుపులో పుండు, ఆస్పిరిన్ పడకపోవడం లాంటివి లేకపోతే నొప్పి వచ్చినప్పుడు 300 మిల్లీగ్రాములు నమిలి మింగమంటాం. వాట్సాప్‌లో తిరిగే నాలుక కింద మాత్ర మాత్రం మీకు మీరుగా పెట్టకండి, బీపీ పడిపోయి ఉంటే ప్రమాదం.

రేపు బైక్ మీద తీసుకెళ్లకండి, ఆటో గానీ కారు గానీ మాట్లాడండి. ఈసీజీ అయ్యేదాకా పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర బరువులు ఎత్తనివ్వొద్దు, నిచ్చెన ఎక్కనివ్వొద్దు, బీడీ కట్ట ఈ రాత్రికే తీసి పారేయండి. కలిగిరి వేలానికి పొగాకు బేళ్లు మీరు తోలుకెళ్లండి, రేటెంత పలికిందో ఫోన్‌లో ఆయనకు చెప్తూ ఉంటే చాలు.