ఫొటోల రోజున నువ్వేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు

చిట్టితల్లీ,

కడుపుతో ఉన్నప్పటి ఫొటోలు తీయించుకోవాలనుకుంటున్నానని నువ్వు పంపిన మెసేజ్ చదివి నవ్వుకున్నాను. "పెద్దమ్మా, కెమెరా చూస్తే చాలు ముఖం బిగుసుకుపోతుంది, నవ్వు అతికించినట్టు వస్తుంది" అని రాశావు. ముప్పయ్యేళ్లు కెమెరా వెనకాల నిలబడ్డాను, ఈ మాట వినకుండా వారం గడిచింది లేదు. ఇదేదో నీ ఒక్కదాని బాధ అనుకోకు.

1862లో డ్యూషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు ముఖ కండరాల గురించి రాస్తూ ఒక సంగతి చెప్పాడు. పెదవుల కొసల్ని పైకి లాగే కండరం మన మాట వింటుంది. కంటి చుట్టూ ఉన్నది మాత్రం నిజంగా సంతోషం కలిగితేనే కదులుతుందన్నాడు. కొందరు కావాలని కూడా కదపగలరులే, కానీ అది అంత తేలిక కాదు. "నవ్వండి" అన్నప్పుడు నోరు నవ్వి కళ్లు ఊరుకునేది అందుకే. కాబట్టి అద్దం ముందు నిలబడి నవ్వు ప్రాక్టీసు చెయ్యకు. నువ్వు చెయ్యాల్సింది వేరే ఉంది: ఆ రోజు నీ బుర్రలో ఏ లెక్కా మెదలకుండా, ముందే అన్నీ తేల్చేసుకోవడం. చెప్పు కరుస్తోంది, పిల్లాడికి నిద్రొస్తోంది, జాకెట్టు బిగుతుగా ఉంది అని లోపల నసుగుతుంటే ఏ కళ్లు నవ్వుతాయి?

ముందు తేదీ. 28 నుంచి 34 వారాల మధ్య పెట్టుకో. అప్పటికి పొట్ట గుండ్రంగా తేలుతుంది, నీకూ ఇంకా తిరిగే ఓపిక ఉంటుంది. 36 దాటాక ఆయాసం, కాళ్ల వాపు, గంటకి మూడుసార్లు బాత్రూమ్. కవలలైతే ఇంకా ముందే కానిచ్చెయ్యమనేదాన్ని. డాక్టరుకు కూడా ఒక మాట చెప్పు, ఎక్కువసేపు నిలబడొద్దంటే అన్నీ కూర్చుని తీయించుకోవచ్చు, అవీ బావుంటాయి. ఒంట్లో బాగాలేకపోతే వాయిదా వెయ్యడానికి ఇంకో తేదీ కూడా అనుకుని ఉంచండి.

బయట తీయించుకోవాలని ఉంటే సూర్యాస్తమయానికి ముందు గంట మంచిది. వెలుతురు వాలుగా, మెత్తగా పడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిన పడి కళ్ల కింద గుంటలు పడ్డట్టు చూపిస్తుంది. అయితే ఆ గంట మీ వాడు పడుకునే వేళైతే మాత్రం వెలుతురు సంగతి మర్చిపో. నిద్ర సరిపోని మూడేళ్లవాడి ముందు ఏ వెలుతురూ పనికిరాదు. ఏ గోడ నీడలోనో, ఇంట్లో కిటికీ పక్కనో తీసుకోండి. ఇంట్లో తీస్తే బల్బులన్నీ ఆర్పెయ్యి. లేకపోతే ముఖం ఒక పక్క పసుప్పచ్చగా, ఇంకో పక్క నీలంగా వస్తుంది.

ఇక బట్టలు. అందరూ నన్ను అడిగేది రంగు గురించి, నేను చూసేది బిగుతు. సాక్సు, లెగ్గింగ్సు, లోపలి బట్టల ఎలాస్టిక్ ఒంటి మీద వేసే గాట్లు పోవడానికి గంటైనా పడుతుంది. పొట్ట కనిపించే ఫొటో ఒక్కటైనా తీయించుకోవాలని ఉంటే, ఇంటి నుంచి వదులు నైటీలోనే బయల్దేరి అక్కడ మార్చుకో. కొత్తవి కొన్నావనుకో, వాటిని వేసుకుని ఒకసారి కింద కూర్చుని లే, చేతులు పైకెత్తు, పిల్లాణ్ణి దగ్గరికి తీసుకో. ఎక్కడ పట్టేస్తుందో, ఎక్కడ జారుతుందో ఇంట్లోనే తెలిసిపోతుంది. మరీ మెరిసిపోయే గులాబీ, నిమ్మపండు రంగులు వద్దు, ఎండలో ఆ రంగు గడ్డం కిందికి ఎగబాకి చర్మానికి పట్టుకుంటుంది. సన్న చారలు, చిన్న గళ్లు ఫొటోలో అలలు అలలుగా పాకుతున్నట్టు కనిపిస్తాయి. అందరూ ఒకే రంగు వేసుకుంటే బ్యాండుమేళంలా ఉంటారు. నువ్వు ముందు నీకు నచ్చింది తీసుకో, అందులోని రంగొకటి అల్లుడికి, ఇంకొకటి పిల్లాడికి పంచు.

అల్లుడి కళ్లద్దాలు ఎండకి నల్లబడే రకం కదూ? బయట తీస్తే గుడ్డివాడిలా కనిపిస్తాడు, పాత జత ఉంటే అది తెమ్మను. మేకప్ నీ ఇష్టం. ఎండ నుంచి కాపాడే క్రీముల్లో కొన్నిటికి ఫ్లాష్ తగిలితే ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తుంది. అందుకని ముందురోజు రాసుకుని, ఫోన్ ఫ్లాషుతో ఒక ఫొటో తీసి చూసుకో.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. చాలా ఏళ్ల కిందట ఎనిమిదో నెల అమ్మాయిని పువ్వుల మధ్య వెల్లకిలా పడుకోబెట్టి, నేను నిచ్చెన ఎక్కి పైనుంచి తీస్తున్నాను. జుట్టు పరిచినట్టు రావాలని దువ్వుతూ, రెక్కలు సర్దుతూ అయిదారు నిమిషాలు తిన్నాను. కెమెరాలోంచి చూస్తే పిల్ల పెదవులు పాలిపోయాయి, నుదుటి మీద చెమట. పాపం "బాగానే ఉన్నానండీ" అంటూనే ఉంది. వాళ్లమ్మ పరుగున వచ్చి ఎడమ పక్కకి తిప్పింది, రెండు నిమిషాల్లో తేరుకుంది. ఒంటి కింది భాగం నుంచి గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద సిర వెన్నెముక పక్కనే ఉంటుంది. ఈ నెలల్లో వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు దాని మీద పడి, గుండెకు చేరే రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి. ఆ తర్వాత నేనెవరినీ అలా పడుకోబెట్టలేదు. నిన్నెవరైనా పడుకోమంటే పక్కకి తిరిగి పడుకుంటానని చెప్పు. తడి రాళ్లు, గోడలు ఎక్కమన్నా అంతే. ఈ నెలల్లో కీళ్లు వదులవుతాయి, తూకం తప్పడం తేలిక. మొహమాటపడకు, నీళ్లు తాగుతానని, కాసేపు కూర్చుంటానని అడగడానికి కూడా.

నిలబడే పద్ధతి పెద్ద విద్యేం కాదు. బరువంతా వెనక కాలి మీద వేసి ముందు మోకాలు కాస్త వంచు, కొద్దిగా పక్కకి తిరుగు. చెయ్యి ఒంటికి అతుక్కోకుండా సందు ఉంచు. చేతులు ఏం చెయ్యాలో తెలియకపోతే ఒకటి పొట్ట పైన, ఒకటి కింద, అవి ఎలాగూ అక్కడికే పోతుంటాయి కదా ఈమధ్య. ఊపిరి మాత్రం బిగపట్టకు. 1839లో ఫొటోగ్రఫీ కొత్తగా వచ్చినప్పుడు ఒక్క ఫొటోకి నిమిషాలకొద్దీ కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది, తల కదలకుండా వెనక ఇనప ఊత పెట్టేవాళ్లు. ఇప్పుడు సెకనులో 250వ వంతు చాలు. అయినా మనవాళ్లు కెమెరా ఎత్తగానే ఆ ఇనప ఊత ఇంకా మెడ వెనక ఉన్నట్టే కూర్చుంటారు. గట్టిగా ఊపిరి వదిలెయ్, వదిలిన మరుక్షణం ముఖం ఎంత బావుంటుందో నీకు తెలియదు.

పిల్లాడి ఫొటోలు మొదటి పావుగంటలోనే అయిపోవాలి. తర్వాత వాడు ఎవరితోనో ఆడుకోవడానికి వెళ్లిపోవాలి, ఆ మనిషిని నువ్వే ముందు చూసి పెట్టుకో. "ఇటు చూడు, నవ్వు" అని నలుగురూ అరిస్తే వాడు పళ్లు బయటపెడతాడు తప్ప నవ్వడు. వాడికొక పని పెట్టు. "పాపాయికి ఒక రహస్యం చెప్పు, మాకు వినపడకూడదు" అను. ఈ నెలల్లో బయటి మాటలు లోపలికి వినిపిస్తాయి కూడాను. వాడు పొట్టకి నోరు ఆనించి గుసగుసలాడుతుంటే నీ కళ్లకి నవ్వమని ఎవరూ చెప్పనక్కర్లేదు. అల్లుడిదీ అదే సంగతి. చేతులు కట్టుకుని కాపలా వాడిలా నిలబడే మనిషికి నీ జుట్టు సర్దమనో, నడుము నొక్కమనో పురమాయించు. జేబులోంచి ఫోను, తాళాలు తీసెయ్యమను.

ఒకవేళ అతనే ఫోన్‌తో తీస్తానంటే రెండు మూడు అడుగులు వెనక్కెళ్లి 2ఎక్స్ జూమ్ పెట్టి తియ్యమను. మరీ దగ్గర్నుంచి తీస్తే ముక్కు, పొట్ట ఏది ముందుంటే అది ఉబ్బుతుంది.

ఫొటోగ్రాఫర్‌ని డబ్బులిచ్చేముందే అడగాల్సినవి: ఎడిట్ చేసినవి ఎన్ని ఇస్తారు, ఎన్నాళ్లకి, నన్ను అడగకుండా నెట్‌లో పెడతారా. నెట్‌లో పెట్టొద్దంటే రాతలో తీసుకో. ముఖం సన్నబరచొద్దని, పొట్ట మీది చారలు చెరపొద్దని కూడా అప్పుడే చెప్పెయ్. చెరిపించుకుంటానంటే నీ ఇష్టం, కానీ అది నువ్వు నిర్ణయించాలి, కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు కాదు.

ఇంకొక్కటి. మీ అన్నయ్య కడుపులో ఉన్నప్పటి నా ఫొటో హాల్లో చూశావుగా, ఏడో నెలది, నాకున్నది అదొక్కటే. వెలుతురు బావుంది, నేనూ బావున్నాను, పొట్ట మీద వేసిన చేతికి మాత్రం నల్లటి జడ రబ్బరు. ఇంట్లోంచి బయల్దేరేముందు మణికట్టు చూసుకో.

మీ పెద్దమ్మ