టీసీ లేకపోయినా బడిలో చేర్చుకుంటారా?

ఇటుక బట్టీలకు వలస వచ్చిన పిల్లలను టీసీ లేకుండా, ఏడాది మధ్యలో సర్కారు బడిలో చేర్చుకుంటారా అని అడిగారు. చేర్చుకోవాల్సిందే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను టీసీ లేదనో, పుట్టిన తేదీ కాగితం లేదనో, గడువు దాటిందనో వెనక్కి పంపకూడదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా నుంచి తెలంగాణ బట్టీలకు వచ్చే కుటుంబాలు వానాకాలం ముందు దాకా ఇక్కడే ఉంటాయి. పదేళ్ల పిల్ల పొద్దున్నే పచ్చి ఇటుకలు ఎండేలా తిప్పి పెడుతుంది, తమ్ముణ్ణి చంకనేసుకుని తిరుగుతుంది. తెలుగు మీడియంలో కూర్చోబెడితే ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థం కాదు. అందుకే కొన్నిచోట్ల బట్టీల దగ్గరే ఒడియా పుస్తకాలతో బడులు నడిపారు. నా దృష్టిలో సరైన దారి అదే.

ఇంకోటి, చదువు ఆగిపోయిన పిల్లలను వయసుకు తగ్గ తరగతిలోనే వేసి, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో మళ్లీ రారు.

మీ దగ్గర అలాంటి పిల్లలుంటే మండల విద్యాధికారికి (ఎంఈఓ) చెప్పండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.