ఉక్కుస్తంభం ఎక్కబోయే అల్లుడికి

అల్లుడూ,

డిసెంబరు చివర్లో ఐదారుగురు ఫ్రెండ్స్‌తో అహోబిలం వస్తున్నామని, నరసింహస్వామి వెలువడిన స్తంభమని చెప్పే ఆ కొండ మీది రాయిని, ఉక్కుస్తంభాన్ని, ఒక్క రోజులో ఎక్కి దిగాలని రాశావు. నెల బాగానే ఎంచుకున్నావు. కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా నల్లమల నడకకు అనువుగా ఉంటుంది. భవనాశి వాగులో నీళ్లుంటాయి, దాటడానికి భయం ఉండదు. మార్చి దాటితే ఆకు రాలిపోయి నీడే దొరకదు, రాళ్లు కాలిపోతుంటాయి. శని, ఆదివారాలు మాత్రం వద్దు. జనం వెనకాల నిలబడటంతోనే పొద్దు పోతుంది.

ఇక నీ ప్లాన్. హైదరాబాదులో రాత్రి బస్సెక్కి, తెల్లారి ఆళ్లగడ్డలో దిగి, టిఫిన్ తిని, నేరుగా కొండెక్కడం. అది కుదరదు. ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం రావాలి, అక్కడి నుంచి ఎగువ అహోబిలం మరో 8 కిలోమీటర్లు. ఇవన్నీ అయ్యేసరికి పది దాటుతుంది. పైగా బస్సులో సగం నిద్ర. ఒక రోజు ముందే వచ్చి దిగువ అహోబిలంలో పడుకోండి. సత్రాలున్నాయి, టూరిజం వాళ్ల హరిత హోటలూ ఉంది. ఆ సాయంత్రమే ఎగువ గుడిలో దర్శనం చేసుకోండి. పొద్దున్నే కొండ దాకా దింపడానికి ఒక ఆటోవాడికి, దారి చూపడానికి ఒక గైడుకి చెప్పి పెట్టుకోండి. అడవి దారి తెరిచి ఉందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. గట్టి వాన పడితే భవనాశి ఎవరి మాటా వినదు.

ఫోన్లో మ్యాప్ ఉండగా గైడు ఎందుకంటావేమో. దారి మధ్యలో ఉండే జ్వాలా నరసింహస్వామి గుడి దాకా అయితే అక్కర్లేదు, దారి తెలుస్తూనే ఉంటుంది, ముందూ వెనకా భక్తులుంటారు. ఆ పైన దారి అనేది రాళ్ల సందుల్లో, చెట్ల వేర్ల మధ్య ఉంటుంది. సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఇది పులులు తిరిగే అడవి అని కూడా గుర్తుంచుకో. దొరికితే చెంచు మనిషినే తీసుకో. చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి నరసింహుడు వాళ్లింటి అల్లుడు. కనుమ నుంచి పారువేట పేరుతో స్వామి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, నలభై రోజులు దాటాక గుడికి చేరతాడు. ఆ మర్యాదలు ఆ అల్లుడికే, నువ్వు మాత్రం గైడుతో డబ్బుల సంగతి ముందే తేల్చుకో.

నేను అసలు రాయాలనుకున్నది టైము గురించి. పొద్దున ఆరున్నరకల్లా ఎగువ గుడి దగ్గర నడక మొదలుపెట్టాలి. వరాహ నరసింహస్వామి గుడి దాటి, వాగు పక్కనే రాళ్లూ మెట్లూ ఎక్కుతూ పోతే తొమ్మిది లోపు జ్వాల చేరతారు. నీళ్లుంటే ఆ గుడి ముందు పైనుంచి జలపాతం పడుతుంటుంది, తడవకుండా పోవడం కష్టం. ఫోన్లు అక్కడికి చేరకముందే కవర్లో పెట్టుకోండి. అక్కడ అరగంట చాలు. పైకి వెళ్లేవాళ్లు పదకొండున్నరకి స్తంభం దగ్గర ఉండాలి. పన్నెండైతే ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. స్తంభం కళ్ల ముందు కనపడుతున్నా సరే. ఈ మాట గుడి దగ్గర, అందరూ ఉన్నప్పుడు, గైడు ముందే చెప్పు. పైకెళ్లాక చెబితే ఎవరూ వినరు, "ఇంకో పది నిమిషాలే కదా" అంటారు. కొండ మీద పది నిమిషాలంటే ఎంతో నాకు తెలుసు. ఆ నెలలో ఆరుకి ముందే పొద్దు గూకుతుంది, లోయలో అంతకంటే ముందే చీకటి పడుతుంది. తలా ఒక టార్చి ఉండాలి. ఫోన్ లైటు టార్చి కాదు.

మీలో ఎవరు మెల్లగా నడుస్తారో ముందే చూసుకో. వాళ్లను గైడు వెనకాలే నడిపించు. వాళ్ల నడకే అందరి నడక. గట్టిగా నడిచేవాడు చివర ఉండాలి, వాడి వెనక ఎవరూ మిగలకూడదు. జ్వాల దగ్గర ఎవరైనా "నా వల్ల కాదు" అంటే బతిమాలొద్దు, ఎగతాళి అసలే వద్దు. ఇంకొకరిని తోడుగా అక్కడే ఉంచండి. ఒంటరిగా ఎవరినీ దింపేయకండి.

జ్వాల నుంచి స్తంభం దాకా మెట్లుండవు. నల్లమల రాయి పొరలుపొరలుగా ఉంటుంది. గట్టిగా కనిపించే పలక కూడా కాలు పెట్టగానే ఊగుతుంది. ముందు కాలితో నొక్కి చూసి, తర్వాత బరువు వెయ్యాలి. వెదురును పట్టుకుని పైకి లాక్కోవద్దు, ఎండు గెడ అయితే చేతిలోకే వస్తుంది. పైన కొండ రెండుగా చీలినట్టుండే ఆ రాతినే స్వామి వెలువడిన స్తంభం అంటారు. చివర చోటు ఇరుకు, అంచు పక్కనే లోయ. ఇద్దరిద్దరుగా వెళ్లి రండి. గాలి బలంగా ఉంటే కూర్చుని జరగండి, సిగ్గుపడాల్సిందేం లేదు. సెల్ఫీలు కిందికొచ్చాక తీసుకోండి.

కొండచరియలకు పెద్ద తేనెపట్లు ఉంటాయి. సిగరెట్టు, సెంటు, అరుపులు మూడూ వద్దు. ఈగలు లేస్తే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని, అడుగు చూసుకుంటూ వచ్చిన దారినే త్వరగా దూరం పోవాలి, నీళ్లలో దూకితే లాభం లేదు. దూలగొండి కాయలు కూడా ఆ రోజుల్లోనే ఎండుతాయి. బొచ్చున్న గోధుమరంగు కాయ కనిపిస్తే ముట్టుకోవద్దు. నిండు చేతుల చొక్కా వేసుకోండి. తగిలితే గోకకుండా కడుక్కోవాలి, గోకితే ఒళ్లంతా పాకుతుంది.

బూట్లు కొత్తవి వద్దు, నెల రోజులైనా తొడిగినవి వేసుకోండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. తిండికి జొన్నరొట్టె, ఊరిబిండి, బెల్లం. రొట్టెలు మీ అత్త చేసి ఆళ్లగడ్డకు పంపుతానంటోంది. బిర్యానీ పొట్లాలు తెచ్చారంటే కోతులు మీకంటే ముందే తింటాయి. చేతిలో కవరు కనపడకూడదు, అన్నీ బ్యాగులోనే. గుడి దగ్గర అద్దెకిచ్చే కర్ర తలా ఒకటి తీసుకోండి. అది కోతులకు కాదు, దిగేటప్పుడు మోకాళ్ల కోసం.

కాళ్లు మడతపడేది దిగేటప్పుడే. పని అయిపోయిందన్న ధీమా, పైగా అలసట. జ్వాల దాకా దిగి భోంచేసి, కాసేపు కాళ్లు చాపుకుని, అప్పుడు వాగు వెంట రండి. తడి రాళ్ల మీద పాచి ఉంటుంది, పక్కకి తిరిగి అడుగు వెయ్యాలి. నాలుగున్నరకి ఎగువ గుడి చేరితే సరైన లెక్క. మాలోల నరసింహస్వామి గుడి, ప్రహ్లాద బడి గుహ ఆ రోజే చూడాలని చూడొద్దు, మరుసటి పొద్దున పెట్టుకోండి. అందుకే తిరుగు బస్సు టికెట్లు మర్నాటి రాత్రికి తీసుకో. ఇప్పుడే తీసుకో, ఆ వారం సీట్లు దొరకవు.

ఇట్లు,
మీ మామ