లేని జాతికి భాష రాస్తున్న అమ్మాయి: గేమ్ డిజైనా, సీఎస్‌ఈనా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. వీక్లీ టెస్టుల్లో ర్యాంకు 40 నుంచి 110కి పడిపోయింది. ఆరా తీస్తే, లాంగ్ నోట్‌బుక్ నిండా ఎక్కడా లేని ఒక జాతికి భాష, చరిత్ర, కర్రసాము లాంటి యుద్ధవిద్య కల్పించి రాసుకుంటోందని తెలిసింది. నోట్‌బుక్ ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాం. తనేమో గేమ్ డిజైన్ డిగ్రీ అంటోంది, మేం సీఎస్‌ఈ అంటున్నాం. ఏది మంచిది? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు అడిగింది రెండు కోర్సుల గురించి. ఉత్తరం నిండా ఉన్నది మాత్రం పిల్ల చెయ్యి జారిపోతోందేమోనన్న భయం. బొమ్మలు గీసే పిల్లల తల్లిదండ్రులూ, కథలు రాసే పిల్లల తల్లిదండ్రులూ ఇదే అడుగుతారు. ముందు ఒక్క మాట చెప్పండి: బీరువాలో పెట్టేముందు ఆ నోట్‌బుక్ చదివారా? ఉత్తరంలో అందులోని ముక్క ఒక్కటీ లేదు కాబట్టి చదవలేదనే అనుకుంటున్నాను. చదవకుండానే తాళం వేశారు. మీరు చేసిన ఈ పని నాకు నచ్చలేదు.

తీసి చూడండి. తెలుగు మాటలకు బదులు కొత్త మాటలు పెట్టి, వాక్యం మాత్రం తెలుగులాగే నడిపిస్తే అది భాష కాదు, రహస్య లిపి లాంటి ఆట. మొదలుపెట్టిన వాళ్లంతా చేసే తప్పే అది. అలా కాకుండా ముందు ధ్వనులు ఏరుకుందా? పదిహేను ఇరవై హల్లులు, అయిదారు అచ్చులు చాలు. ఏ హల్లు పక్కన ఏది రావచ్చో, మాట దేనితో ముగియవచ్చో నియమం ఉందా? ‘మనం’, ‘మేము’ వేర్వేరా, ఒకటేనా? తెలుగులో ఈ తేడా ఉంది, హిందీలో లేదు. ‘ఆమె వచ్చింది, బస్సు వచ్చింది’ అని ఏకవచనంలో ఒకే క్రియ వాడే మనం, బహువచనానికి వచ్చేసరికి ‘వాళ్లు వచ్చారు, బస్సులు వచ్చాయి’ అని విడదీస్తాం. ఇలాంటివి గమనించి తన భాషలో వేరే దారి ఎంచుకుందంటే, ఆ పిల్ల వ్యాకరణం బట్టీపట్టడం లేదు, విప్పి చూస్తోంది.

ఇంకా లోతుగా వెళ్లిందేమో చూడండి. కన్నడంలో కివి, మనకు చెవి. వాళ్లకు కెరె, మనకు చెరువు. ఇ, ఎ ల ముందున్న ‘క’ మన దగ్గర ‘చ’ అయింది. కల్పిత భాషలో కూడా ఇలాంటి మార్పు ఒకటి పెడితే, ఆ ధ్వని ఉన్న పాత మాటలన్నిట్లో వరసగా జరగాలి. తోచిన నాలుగు మాటల్లో మార్చి మిగతావి వదిలేస్తే అతుకులు కనపడతాయి.

చరిత్రకు రాజుల పేర్ల జాబితా పనికిరాదు, తిండి లెక్క కావాలి. వెయ్యి మంది సైన్యం, మనిషికి రోజుకు 600 గ్రాముల బియ్యం, 30 రోజులు: 18 టన్నులు. 75 కిలోల బస్తాల్లో 240. బండికి పదేసి వేస్తే 24 బండ్లు, ఆపైన ఎడ్ల మేత. ఈ లెక్క వేయని యుద్ధం కాగితం మీదే జరుగుతుంది. జనం చరిత్రను ఎలా దాచుకుంటారో చూపించాలంటే కార్తీక అమావాస్యకు కారెంపూడి తీసుకెళ్లండి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు రోజులకు అయిదు పేర్లు. పల్నాటి వీరుల కథే ఉత్సవంగా మారింది.

యుద్ధవిద్య నేలను బట్టి పుడుతుంది. కృష్ణా నది లంకల్లాంటి బురదలో బతికేవాళ్లు ఎగిరి తన్నరు, తన్నితే ముందు వాళ్లే పడతారు. మోకాళ్లు వంచి, పాదం ఎత్తకుండా జరుగుతారు. ఆయుధం పడవ నెట్టే గడకర్ర. ఇరుకు పడవలో దాన్ని తిప్పలేరు కాబట్టి పొడవడమే ఎక్కువ. నలభై దెబ్బలకు పేర్లు పెట్టడం కన్నా అడుగు వేసే తీర్లు ఆరు, దెబ్బ కాచుకునే తీర్లు మూడు చాలు. గుడ్డ చుట్టిన వెదురు కర్రలతో నెమ్మదిగా ఇద్దరు ఆడి చూడాలి. ఎదుటివాడు కదలకుండా నిలబడితే తప్ప కుదరని దెబ్బను జాబితాలోంచి తీసేయాల్సిందే.

ఇక ఉద్యోగం. 2015లో ‘బాహుబలి’ సినిమాలో కాలకేయులు మాట్లాడిన కిలికి భాషను కల్పించిన మదన్ కార్కీ కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేశారు, అన్నా యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. ‘స్టార్ ట్రెక్’ సినిమాల కోసం క్లింగాన్ భాషను తయారుచేసిన మార్క్ ఓక్రాండ్ భాషాశాస్త్రవేత్త, జీతం వచ్చింది మాత్రం టీవీ సబ్‌టైటిళ్ల పనిలో. ఈ విద్య ఒక్కదాని మీదే ఇల్లు గడిచే దారి మన దగ్గరైతే లేదు. మీ అమ్మాయికీ ఇదే చెప్పండి.

గేమ్ డిజైన్ కోర్సు మీద నాకు నమ్మకం తక్కువ. మన దగ్గర స్టూడియోలు చేసేది చాలావరకు విదేశీ గేములకు బొమ్మలు, మోడళ్లు. ఆ లోకాన్ని, దాని జాతుల్ని ఊహించే పని బయటే అయిపోయి వస్తుంది. పైగా కోర్సు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ నేర్పుతుంది, అది నాలుగేళ్లకు పాతబడుతుంది. అయినా చేరాలనుకుంటే లక్షలు కట్టేముందు గత బ్యాచ్‌లో కథ, లోకం రాసే పనిలో ఎంతమంది చేరారు, టెస్టింగ్‌లో ఎంతమంది చేరారు అని అడగండి. ఫైనలియర్ ప్రాజెక్టులు ఆడించి చూపించమనండి. బ్రోచర్ చూపిస్తే లేచి వచ్చేయండి.

అలాగని సీఎస్‌ఈ ఒక్కటే దారనీ కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్‌తో పాటు కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ (కంప్యూటర్‌తో భాషను విశ్లేషించే శాస్త్రం) కలిపిన అయిదేళ్ల కోర్సు ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భాషాశాస్త్రం అయిదేళ్ల ఎం.ఏ. ఉంది. ఎంపీసీ పిల్లలకు రెండూ అందుతాయి. మీ ఇష్టప్రకారం సీఎస్‌ఈలో చేరినా మునిగిందేమీ లేదు, ఏ డిగ్రీ తర్వాతైనా ఎం.ఏ. లింగ్విస్టిక్స్ తీసుకునే చోట్లున్నాయి.

ర్యాంకు పడటానికి నోట్‌బుక్కే కారణమని మీరు తేల్చేశారు. నిద్ర మానుకుని రాస్తోందా, ఏదైనా చాప్టర్ దగ్గర ఆగిపోయి దీంట్లోకి పారిపోతోందా అని అడగలేదు. మొదటిదైతే ఆదివారం రెండు గంటలు దీనికి కేటాయిస్తే సరిపోతుంది. రెండోదైతే ఆ చాప్టర్ చెప్పించాలి. నోట్‌బుక్ దాచితే రెండూ తీరవు.

ఈ ఆదివారం ఔటింగ్‌కి తీసుకురావడానికి వెళ్తారు కదా, నోట్‌బుక్ వెంట పట్టుకెళ్లండి. మందలింపు లేకుండా, మీ వాళ్ల భాషలో ‘మనం’ని ఏమంటారమ్మా అని అడగండి.