పాత నోట్ల కట్టలు అమ్మేయకు అల్లుడూ

అల్లుడూ,

అణుబాంబులు పడి పాడైన అమెరికాలో నడిచే ఫాల్అవుట్ 4 అనే కంప్యూటర్ ఆటలో, బాంబులకు ముందటి నోట్ల కట్టలు నలభై, డైమండ్ సిటీ అనే ఊరి అంగట్లో అమ్మేశానని మొన్న ఫోన్లో గొప్పగా చెప్పావు చూడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదప్పా. 34 ఏళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్నోణ్ణి, చెల్లని నోటు సంగతి నాకు చెప్తావా. మావాడు బెంగళూరు పోతూ వదిలేసిన కంప్యూటర్ మీద, రిటైర్ అయినప్పటి నుంచి రోజూ సందకాడ కూర్చుని ఆడుతున్నా, కాబట్టి ఇది ఊరికే చెప్పే పెద్దరికం కాదు.

ముందు లెక్క చూడు. ఆ ఆటలో డబ్బంటే సీసా మూతలే కదా, కట్ట విలువ 8 మూతలని తెర మీద కనిపిస్తుంది, అంగడోడు మాత్రం 8 ఇవ్వడు, నీ కరిజ్మా, అంటే మాటకారితనం లెక్క, నువ్వు చెప్పినంత తక్కువైతే అందులో కొంచెమే చేతికొస్తుంది. బరువు మాత్రం సున్నా. అంటే శిథిలాల్లో కనిపించిన ప్రతి గల్లాపెట్టె తెరిచి, ఉన్న కట్టలన్నీ కళ్ళు మూసుకుని ఎత్తుకోవచ్చు, నడుం విరగదు. ఇప్పుడు అసలు సంగతి, ఆ కట్టను విడగొడితే గుడ్డ వస్తుంది. కాగితం కాదు, గుడ్డ. నువ్వేమో దాన్ని ఆ కాసిని మూతలకు అమ్ముకుని, మర్నాడు ఆటలో నువ్వు కట్టుకునే ఊళ్ళో జనానికి మంచాలు వేయడానికి గుడ్డ లేదని నాకే ఫోన్ చేస్తివి.

నోట్లోంచి గుడ్డేంది మామా అని నవ్వావు కదా. ఆట చేసినోళ్ళు తెలిసే పెట్టారు. అమెరికా డాలరులో 75 శాతం పత్తి, 25 శాతం అవిసె నార. మన నోటు కూడా పత్తితోనే చేస్తారు. చొక్కా జేబులో మరిచిపోయి ఉతికేసిన పది రూపాయల నోటు తీగ మీద ఆరేస్తే సాయంత్రానికి టీ కొట్టులో చెల్లుతుంది, అదే బస్సు టికెట్టయితే ముద్దయి గోరుతో గీకాల్సి వస్తుంది. కౌంటర్లో మేము దొంగ నోటును సగం వేలితోనే పట్టేవాళ్ళం, వెలుతురుకు పెట్టి చూసేది తర్వాత.

2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాక మా బ్రాంచీ ముందు లైను వీధి మలుపు దాటిపోయింది. ఆ యాభై రోజులూ నేను ఇంట్లో అన్నం తిన్నది గుర్తులేదు. డిసెంబరు 30తో గడువు ముగిసింది. తర్వాత ఉగాది ముందు, చంద్రగిరి పక్క నుంచి ఒక అవ్వ వచ్చింది. పసుపు డబ్బాలో దాచిన ఐదొందల నోట్లు ఏడు, నాలుగు మడతలు, మడత మడతకీ పసుపు. కౌంటర్ మీద ఒక్కొక్కటీ విప్పి పరిచింది. "గాంధీ బొమ్మ ఉంది కదా నాయనా" అంది. ఉంది అవ్వా, అంతా ఉంది, తీసుకునేవాళ్ళే లేరు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, లోపలి సార్‌ను అడిగొస్తానని లేచి ఊరికే నీళ్ళు తాగొచ్చాను. ఆమె వాటిని మళ్ళీ అదే మడతల్లో మడిచి కొంగున ముడేసుకుని పోయింది. ఆ సమయంలో కొండ మీద హుండీలో కూడా రద్దయిన నోట్లు పడుతూనే ఉన్నాయి, వడ్డికాసులవాడికి కూడా అవి చెల్లని కాసులే.

బ్యాంకులకు చేరిన నోట్లను ఏం చేశారో తెలుసా? రిజర్వు బ్యాంకు వాటిని తురుము చేసి ఇటుకల్లా ఒత్తించింది. కేరళలో కొంత తురుము కన్నూరు ప్లైవుడ్ ఫ్యాక్టరీకి పోయి, చెక్క గుజ్జులో కలిసి హార్డ్‌బోర్డు అయింది. నువ్వు ఆటలో చేయాల్సిన పని కూడా అదే.

మూతల్నే ఎందుకు డబ్బంటారని అడిగావు. 1997లో వచ్చిన మొదటి ఆటలోనే దానికి జవాబుంది, హబ్ అనే ఊళ్ళో నీళ్ళ వ్యాపారులు ఆ మూతల వెనక నిలబడ్డారు, మూతిస్తే నీళ్ళిస్తారు. ఆట కథలో నోటు మీద సంతకం పెట్టిన సర్కారు 2077 అక్టోబరు 23న బాంబుల్లో పోయింది, ఇంక ఎవడిస్తాడు. (ఆ మూతలుండే సోడా, నూకా కోలా పేరు వింటే మాత్రం నాకు సంగట్లో వేసే నూకలే గుర్తొస్తాయి, ఏమనుకోకు.)

సరే, ఇప్పటి నుంచి ఇలా చెయ్. నీ ఆటగాడి చేతికి కట్టుకునే చిన్న కంప్యూటర్ పిప్‌బాయ్‌లో గుడ్డకు గుర్తు పెట్టుకో, అప్పుడు గుడ్డ వచ్చే సామాను పక్కన భూతద్దం బొమ్మ కనిపిస్తుంది, కట్టలు కూడా తప్పించుకోలేవు. ఊరికి రాగానే కట్టలన్నీ వర్క్‌షాపు పెట్టెలో వేసెయ్, నువ్వు కూర్చుని విడగొట్టే పనిలేదు, మంచం కట్టేటప్పుడు అదే తీసుకుంటుంది. ఒక ఊరి గుడ్డ ఇంకో ఊళ్ళో కావాలంటే లోకల్ లీడర్ అనే పెర్క్, అంటే అదనపు నేర్పు, తీసుకుని సరఫరా దారి వెయ్యాలి, దానికి కరిజ్మా 6 కావాలి, నీది పెంచు ముందు. సర్వైవల్ అనే కఠినమైన ఆట పద్ధతిలోకి పోతావని విన్నాను. అక్కడ పడుకుంటేనే సేవ్, పడక లేకపోతే మూడు గంటల ఆట గంగలో కలుస్తుంది, నాకు రెండుసార్లు కలిసింది.

అస్సలు అమ్మొద్దని కాదు. అంగడోడి దగ్గర మూతలు అయిపోయి, నీకు రావాల్సిన లెక్కలో పది పన్నెండు తేడా ఉందనుకో, వాడి వస్తువే ఏదైనా తీసుకో. నువ్వే వాడికి కొంచెం బాకీ పడితే రెండు కట్టలు తోసి సరిచెయ్. చిల్లర బదులు చాక్లెట్ ఇస్తారే, అట్లా. మంచాలన్నీ పడ్డాక ఇంకా మిగిలితే నీ ఇష్టం.

ఆదివారం తిరుచానూరుకు వస్తారని మీ అమ్మ చెప్పింది. వచ్చేటప్పుడు సేవ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకురా, ఆ నలభై కట్టలు కొన్న అంగడోడి దగ్గర ఇంకా ఉన్నాయేమో చూద్దాం.

మామ