గీతల వరుస ఎవరు చూస్తారు?

ప్రశ్న: మా అబ్బాయి వైద్యవిద్యకు చైనా వెళ్లబోతున్నాడు. చదువు ఇంగ్లీషులోనే అయినా చైనీస్ తప్పదన్నారని ఫోనులో నేర్చుకుంటున్నాడు. అక్షరాన్ని చూసి గీసేస్తాడు తప్ప, ఎక్కడ మొదలుపెట్టాలన్న పట్టింపు లేదు. అడిగితే ‘చివరికి ఒకేలా కనిపిస్తుంది కదమ్మా, ఎవరు చూస్తారు?’ అంటాడు. నిజమేనా మేడమ్? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: పరీక్ష వరకైతే మీవాడి మాటే నిజమమ్మా. ఇంగ్లీషులో చదివే విదేశీ విద్యార్థులు పట్టా పుచ్చుకునే నాటికి హెచ్.ఎస్.కె. అనే చైనీస్ భాషా పరీక్షలో నాలుగో స్థాయి అందుకోవాలన్నది అక్కడి నియమం. ఆ పరీక్షను కంప్యూటర్ మీద రాస్తే చేత్తో గీత గీసే పనే ఉండదు. కాగితం మీద రాసినా, మార్కులు వేసేవారి ముందుకు వచ్చేది పూర్తయిన అక్షరమే. చిక్కంతా పరీక్ష హాలు బయట.

‘నోరు’ అని అర్థమిచ్చే చైనీస్ అక్షరాన్ని (口) తీసుకోండి. చూడటానికి ఒక చదరం. మనవాళ్లు దానికి నాలుగు గీతలు గీస్తారు, లేదా తెలుగు రాసే చెయ్యి కాబట్టి ఒకే చుట్టులో చుట్టేస్తారు. అసలు లెక్క మూడు. ఎడమవైపు నిలువు గీత ఒకటి. పైన ఎడమ నుంచి కుడికి వెళ్లి, కలం ఎత్తకుండా కిందికి మలిచేది రెండోది. అడుగున మూసే గీత మూడోది. ఈ లెక్క తప్పితే నిఘంటువులో వెతుకులాటే దెబ్బతింటుంది, ఎందుకంటే పలకడం తెలియని అక్షరాన్ని వెతికే సూచికలో అక్షరాలను గీతల సంఖ్యను బట్టే పేరుస్తారు.

ఇక ఫోను సంగతి. వీధిలో ఒక బోర్డు కనిపించింది, అక్షరం ఎలా పలకాలో తెలియదు. పలకడం రానిదాన్ని ఉచ్చారణతో కొట్టలేం కదా! అలాంటప్పుడు గీతలతో కొట్టే పద్ధతి ఉంది. మొత్తం అయిదే మీటలు: 1 అడ్డగీత, 2 నిలువు, 3 ఎడమకు వాలేది, 4 చుక్క లేదా కుడికి వాలేది, 5 మలుపు. ‘నోరు’కు 251. ‘రాజు’ అన్న అక్షరానికి 1121, అంటే రెండు అడ్డగీతలు, నిలువు, ఆఖరున అడుగు గీత. మీవాడు మూడు అడ్డగీతలూ ముందే గీసి, తర్వాత నిలువు దించుతాడేమో చూడండి. చాలామంది చేసే పనే అది. అలా 1112 కొడితే ఫోను ఇంకేవో అక్షరాలు ముందుకు తోస్తుంది.

చేతిరాత చదవడానికీ ఇదే ఆధారం. తొందరలో రాసేవాళ్లు కలం పూర్తిగా ఎత్తరు. ఒక గీత చివరి నుంచి తర్వాతి గీత మొదటికి సన్నని జాడ మిగులుతుంది. వరుస తెలిసిన కంటికి ఆ జాడే దారి చూపిస్తుంది, తెలియనివారికి గజిబిజిగా కనిపిస్తుంది.

సూత్రాలు బట్టీ పట్టించకండి. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డం తర్వాత నిలువు అన్నవి చాలా దూరం తీసుకెళ్తాయి. ‘నీరు’, ‘చిన్న’ లాంటి వాటిలో నడిమి గీత ముందు, పక్కవి తర్వాత. చుట్టూ గోడ ఉన్న ‘దేశం’లో ఎనిమిది గీతలుంటే, లోపలిదంతా రాశాకే అడుగు గీత మూయాలి. ‘ముందు లోపలికి వెళ్లు, తర్వాత తలుపు వెయ్యి’ అని చైనా పంతుళ్లు పిల్లలకు చెప్పేది దీన్నే. ఇంకొక మాట: ఫోనులో కదిలే గీత మీద వేలు జరపడం దిద్దడమే, రాయడం కాదు. ఫోను బోర్లించి అదే అక్షరాన్ని కాగితం మీద పెట్టించండి.

ప్రశ్న: ‘పొలం’ అక్షరానికి ఒక పుస్తకంలో లోపలి అడ్డగీత ముందు ఉంది, ఇంకొక పుస్తకంలో నిలువు గీత ముందు ఉంది. ఏది తప్పు? – ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: రెండూ ఒప్పే. రెండో పుస్తకం జపనీస్ నేర్చుకునేవారిదై ఉంటుంది, అట్ట ఒకసారి చూసుకోండి. చైనా వరుసలో ఇది 25121, జపాన్ వరుసలో 25211. ‘కుడి’ అక్షరాన్ని కూడా చైనాలో అడ్డగీతతో మొదలుపెడితే, జపాన్‌లో ఎడమకు వాలే గీతతో మొదలుపెడతారు. చైనా 1997లో 7000 అక్షరాలకు వరుస ఖాయం చేసింది. 2021 మార్చి నుంచి 8105 అక్షరాల కొత్త ప్రమాణం అమలులోకి వచ్చింది. తైవాన్‌ది వేరే పుస్తకం, 1996 నాటిది. జపాన్ విద్యాశాఖ 1958లో 881 అక్షరాలకు మార్గదర్శి వేస్తూ, ఇందులో లేని వరుసలను తప్పనడం లేదని అందులోనే రాసింది. అంత పెద్దమనసు నాకు నచ్చుతుంది కానీ, నేర్చుకునేవారు మాత్రం ఒక దేశాన్నే పట్టుకోవాలి. మీరు చైనీస్ చదువుతున్నారు కాబట్టి మొదటి పుస్తకం ఉంచుకోండి.

ప్రశ్న: ఉద్యోగ విరమణ చేశాను. చైనీస్ రాత నేర్చుకోవాలని ఉంది. ప్రత్యేకమైన పుస్తకాలు తెప్పించుకోవాలా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అక్కర్లేదండీ. చైనా పిల్లలు రాసే పుస్తకంలో ప్రతి గడినీ నడిమి గీతలు నాలుగు భాగాలు చేస్తాయి. మన గళ్ల లెక్కల నోటుపుస్తకంలో నాలుగేసి గళ్లను ఒక గడిగా తీసుకుంటే సరిగ్గా అదే తయారవుతుంది. గళ్లు మరీ చిన్నవైతే పెద్ద గళ్లది అడిగి కొనండి. బాల్ పెన్ను నొక్కి రాసే అలవాటుంటే మొదట పెన్సిలు పట్టండి. కుంచె జోలికి ఇప్పుడే వెళ్లకండి.